అచ్చుకు లొంగని మెడ

సోమవారం ఉదయం చెక్క కొనడానికి ఊరెళ్తూ, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అన్నయ్య చెప్పిన మాటలు మొత్తం ఆరు. "బాస్ బల్ల మీదుంది. శుక్రవారానికి పాలిష్ అయిపోవాలి."

చిట్టి తలూపింది. ఇరవై ఏళ్ళుగా ఆ గిటార్ల దుకాణంలో ఆమె చేస్తున్నది అదే, తలూపడం, ఆ తర్వాత పాలిష్ పెట్టడం. నలభై మూడేళ్ళొచ్చి, కూతురు కాలేజీకి వెళ్తున్న మనిషిని ఇంకా చిట్టీ అని పిలవడం అన్నయ్యకే చెల్లింది. దుకాణానికి వచ్చేవాళ్ళ దగ్గర ఆమెకు ఆ పేరు కూడా లేదు. వాళ్ళకు ఆమె "పాలిష్ ఆవిడ", అంతే.

దుకాణంలో గదులు రెండు. వీధివైపుది అన్నయ్యది. చెక్క తెచ్చి, కోసి, చెక్కి, గిటార్‌గా నిలబెట్టేదంతా అక్కడే. వెనక గది చిట్టిది. దుమ్ము పడకూడదని దాని తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. తలుపు మూసి ఉండటం వల్లనో ఏమో, ముందు గదిలో అనుకున్న మాటలేవీ వెనక గదిదాకా రావు. ఎవరు చేయించుకుంటున్నారు, ఎందుకు చేయించుకుంటున్నారు, ఎందుకు ఆలస్యమైంది, ఇవన్నీ అన్నయ్య కడుపులోనే ఉంటాయి. పాలిష్ పెట్టడానికి అవన్నీ తెలియనక్కర్లేదని ఆయన ఉద్దేశం.

బాస్ గిటార్ మామూలు గిటార్‌కంటే పొడుగు. తీగలు నాలుగే, కానీ ఒక్కొక్కటీ పురికొసంత లావు. మెడ దాదాపు చెయ్యి బారంత ఉంటుంది. బల్ల మీద ఉన్నదానికి ఇంకా తీగలు లేవు, రంగు లేదు. పచ్చిచెక్క ఒంటితో స్నానానికి సిద్ధమైన పిల్లలా పడుకుని ఉంది. అన్నయ్య దాని ఒళ్ళు అందంగా చెక్కాడు, కాదనలేదు ఆమె. అంచులు చేతికి మెత్తగా జారిపోతున్నాయి.

ఆమె గుడ్డ తడిపి పిండి, మొదలుపెట్టింది. తడి తగలగానే చెక్క మీద కంటికి కనిపించని నూగు లేస్తుంది. ఆరాక సన్నటి సాండ్‌పేపరుతో దాన్ని తీసెయ్యాలి. రెండుసార్లు అలా చేస్తే చెక్క మొండితనం మానేస్తుంది. ఒళ్ళంతా తుడిచి, మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చింది. అరచెయ్యి మధ్యలో ఆగిపోయింది.

వాయించేవాళ్ళ బొటనవేలు ఆనే చోటది, గుండ్రంగా ఉండాలి. ఒకవైపు గుండ్రంగానే ఉంది. రెండోవైపు, అంటే భుజాన వేసుకుంటే పైకి వచ్చే వైపు, చెక్క ఎక్కువగా మిగిలిపోయి ఉంది. మెడ ముందువైపు అడ్డంగా వేసే సన్నటి లోహపు కమ్ముల్లో, అంటే ఫ్రెట్లలో, మొదటిదాని దగ్గర మొదలై ఏడో ఫ్రెట్టుదాకా ఏటవాలుగా, చదునుగా ఉంది. ఆమె ముందు గదిలోకి వెళ్ళి గోడ మీది ఇత్తడి అచ్చు తెచ్చింది. సన్నటి రేకు, అర్ధచంద్రంలా కోసి ఉంటుంది. దుకాణంలో తయారయ్యే ప్రతి మెడా ఆ అచ్చుకు లొంగాల్సిందే. మెడ మీద దాన్ని నిలబెట్టి, కిటికీ వైపు తిప్పి చూసింది. కుదిరితే రేకుకూ చెక్కకూ మధ్య వెలుతురు కనబడకూడదు. ఒకవైపు కనబడలేదు. రెండోవైపు అచ్చు అసలు కూర్చోనే లేదు.

అచ్చు తీసి మళ్ళీ పెట్టింది. తిరగేసి పెట్టింది. రెండో ఫ్రెట్టు దగ్గర, ఐదో ఫ్రెట్టు దగ్గర, ఎక్కడ పెట్టినా అంతే. ముప్ఫై ఏళ్ళుగా మెడలు చెక్కుతున్న మనిషి చేసే తప్పు కాదిది. కిటికీ వెలుతురు పడే వైపు బాగా చెక్కి, నీడ వైపు వదిలేసినట్టుంది. అన్నయ్యకు చూపు తగ్గుతోందా అనుకుంది ఆమె.

టీ గ్లాసులు తీసుకోవడానికి పైనుంచి వదిన దిగినప్పుడు, ఏమీ ఎరగనట్టు అడిగింది. "వదినా, అన్నయ్యకు ఈమధ్య కళ్ళు సరిగ్గా ఆనుతున్నాయా?"

"ఏం, నిన్ను చూసి గుర్తుపట్టలేదా?"

"నవ్వులాట కాదు. నిజంగా అడుగుతున్నాను."

"నేను జుట్టు కత్తిరించుకుంటే మూడ్రోజులకు కనుక్కున్నాడు. అది కళ్ళ తప్పో, మనిషి తప్పో నువ్వే చెప్పు." వదిన గ్లాసులు అందుకుని, ఆమె ముఖంలోకి చూసింది. "కొత్త అద్దాలు చేయించుకున్నాడుగా మొన్న. ఎందుకలా ఉన్నావు?"

"ఏం లేదు."

ఏం లేదన్న మనిషి ఆ రోజంతా కాలు కాలిన పిల్లిలా రెండు గదుల మధ్యా తిరిగింది. పని ముట్టుకుంటుంది, వదిలేస్తుంది. సాండ్‌పేపరు మడిచి, ఒక గీత గీసి, మళ్ళీ మెడ తడుముతుంది. ఇలాగే పాలిష్ పెట్టేసి ఇచ్చేస్తే తనకేం? చెప్పిన పని చేసినట్టే. కానీ కొనుక్కున్నవాళ్ళు వెనక్కి తెస్తారు. తెస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పోయిన ఏడాది ఒక గిటార్ తీగ గరగరమంటోందని తిరిగొస్తే, కొన్నవాడి ముందే "పాలిష్ దగ్గర ఏదో అయ్యుంటుంది" అన్నాడు అన్నయ్య. పాలిష్‌కీ గరగరకూ సంబంధం లేదని వాడికి తెలియదు, అన్నయ్యకు తెలుసు. ఆ రోజు ఆమె తలుపు వెనకే ఉంది.

మంగళవారం మధ్యాహ్నం ఉండబట్టలేక ఫోన్ చేసింది. అవతల రంపం మిల్లు హోరు.

"అన్నయ్యా, ఈ బాస్ మెడ..."

"ఆఁ? గట్టిగా చెప్పు."

"మెడ ఉందే, దాని పైవైపు..."

"మెడ సంగతి నీకెందుకే. అదంతా అయిపోయింది. నువ్వు పాలిష్ చూసుకో, చాలు." ఆ తర్వాత ఎవరితోనో దుంగల లెక్క మాట్లాడుతున్న గొంతు. ఆ తర్వాత అదీ లేదు.

ఆమె ఫోన్ వైపు చూస్తూ నిలబడింది. మెడ సంగతి నీకెందుకు. ఇరవై ఏళ్ళలో ఎన్ని మెడలు తన చేతుల మీదుగా వెళ్ళాయో ఆయనకు తెలుసా? చెక్కినవాడి చెయ్యి ఒక మెడను పదిసార్లు నిమురుతుందేమో, పాలిష్ పెట్టే చెయ్యి వందసార్లు నిమురుతుంది. ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, కళ్ళు మూసుకుని చెప్పగలదు. మనసులో రెండు ఆలోచనలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. పాపం అన్నయ్య, చూపు మందగించి కూడా పైకి చెప్పుకోలేకపోతున్నాడు, పరువు కాపాడాలి. అది మొదటిది. రెండోది ఆమె పైకి ఒప్పుకోదు కానీ ఎక్కువ బలం దానిదే. ఈ మెడను తను సరిచేస్తే, ఆయన వచ్చి చెయ్యి వేసి చూస్తే, అప్పుడైనా తెలుస్తుంది వెనక గదిలో ఎవరున్నారో.

బుధవారం ఉదయం దుకాణం తెరిచీ తెరవగానే నాలుగు మరలూ విప్పి, మెడను ఒంటినుంచి వేరుచేసింది. అన్నయ్య బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది. బిగింపు దవడల మధ్య పాత కంబళి ముక్కలు పెట్టి, మెడను బోర్లా బిగించింది. తీసెయ్యాల్సినంత మేరా పెన్సిల్‌తో పిచ్చిగీతలు గీసింది. రెండు చేతులతో పట్టుకుని ఒంటివైపు లాగే చిన్న చిత్రిక ఒకటి అన్నయ్య పెట్టెలో ఉంటుంది. దాన్ని తీసి, అంచు బొటనవేలి గోటి మీద ఆనించి చూసింది. నీళ్ళరాయి మీద నాలుగుసార్లు తిప్పింది.

మొదటి లాగు ఆమెకే నచ్చలేదు. చిత్రిక ఎగిరింది. పట్టు మార్చి, మోచేతులు ఒంటికి ఆనించి, నడుంతో లాగింది. ఉల్లిపొరలాంటి పొట్టు ఒకటి చుట్టలు చుట్టుకుంటూ లేచి, ఆమె పాదం మీద పడింది. భయం వెయ్యాల్సిన చోట ఆమెకు సంతోషం వేసింది. చేతులకు ఈ పని ఎప్పుడో తెలిసినట్టే ఉంది. నాలుగు లాగులు, ఒకసారి అచ్చు. మళ్ళీ నాలుగు లాగులు, మళ్ళీ అచ్చు. వెలుతురు గీత సన్నబడుతోంది. పిచ్చిగీతలు ఒక్కొక్కటే పొట్టుతోపాటు రాలిపోయాయి. ఆ తర్వాత ఆకురాయి పట్టింది, ఆ తర్వాత చెక్కదిమ్మకు చుట్టిన సాండ్‌పేపరు.

పదకొండు గంటలకు టీ తెచ్చిన వదిన గుమ్మంలోనే ఆగిపోయింది. "ఇదేమిటే, పాలిష్ పెడితే చెక్కపొట్టు కూడా వస్తుందా?"

"కొత్తరకం పాలిష్ వదినా."

వదిన నేల మీది పొట్టును, బల్లకు బిగించిన మెడను, ఆడపడుచు నుదుటి మీది చెమటను వరసగా చూసింది. "మీ అన్నాచెల్లెళ్ళ మధ్య నేను దూరను. దూరితే ఇద్దరూ ఒకటైపోయి నన్నే అంటారు. టీ చల్లారుతుంది, తాగు."

మధ్యాహ్నానికి అచ్చు మెడ మీద ఎక్కడ పెట్టినా కూర్చుంది. ఏ ఫ్రెట్టు దగ్గరా వెలుతురు లేదు. ఆమె కళ్ళు మూసుకుని, మెడను ఆ చివరినుంచి ఈ చివరికి నాలుగైదుసార్లు నిమిరింది. ఎక్కడా ఆగలేదు చెయ్యి. ఇంత చక్కటి మెడ ఆ దుకాణంలో తయారై చాలా రోజులైందని ఆమెకు అనిపించింది. ఎవరికైనా చూపించాలనిపించింది కానీ, ఎవరికి చూపిస్తుంది? పొట్టంతా ఊడ్చి గోనెలో పోసింది. చిత్రిక ఉన్నచోటే పెట్టింది.

గురువారం నూనె. గుడ్డను ఉండగా చుట్టి, ముంచి, పిండి, చెక్క పోగు వెంట లాగుతూ పోవాలి. పచ్చిచెక్క నూనె తాగి, తేనెరంగులోకి దిగింది. మూడు పొరలు. పొరకూ పొరకూ మధ్య నాలుగు గంటలు ఆగాలి, అదే ఆమెవల్ల కావడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే వెళ్ళి చూడాలనిపిస్తోంది. అన్నయ్య వచ్చాక ఏమనాలో మాటలు కూర్చుకుంది. "ముందు కళ్ళు చూపించుకో అన్నయ్యా" అనాలి. కాదు, అది చివర్లో. ముందు ఆయనే అడగాలి. "ఈ మెడ ఎవరు సరిచేశారు?" అని ఆయన అడగాలి. అప్పుడు తను తొందరపడకుండా, గుడ్డ మడుస్తూ చెప్పాలి. ఇంటికెళ్ళి కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. కూతురు ఒక ముద్ద తిని, నీళ్ళు తాగి, అమ్మ ముఖం చూసి మజ్జిగ కలుపుకుంది.

శుక్రవారం ఉదయం మెడను మరలతో మళ్ళీ ఒంటికి బిగించి, నాలుగు తీగలూ కూడా తనే బిగించింది. అది అన్నయ్య పని. అక్కడిదాకా వచ్చాక ఇంకా ఆగడమెందుకు అనుకుంది.

పది గంటలకు లారీ వచ్చింది, లారీతో అన్నయ్య వచ్చాడు. బట్టలనిండా రంపపుపొట్టు, ముక్కు మీద కొత్త కళ్ళద్దాలు. కూలీలు దుంగలు దింపుతుండగానే ఒక అమ్మాయి లోపలికి వచ్చింది. ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో. వీపున పొడుగాటి ఖాళీ సంచి. తలుపును మోచేత్తో తోసుకుని వచ్చింది.

"తొందరపడి వచ్చేశానా మేస్త్రిగారూ?"

"లేదమ్మా, రండి. చిట్టీ, అయిందా?"

చిట్టి బాస్‌ను రెండు చేతుల మీదా మోసుకుని వచ్చింది. వెలుతుర్లోకి రాగానే చెక్క మెరిసింది. "అబ్బ" అంది ఆ అమ్మాయి మెల్లిగా. అన్నయ్య చెయ్యి చాచేలోపే దాన్ని అందుకుని, స్టూలు మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది. అన్నయ్య వైరు తెచ్చి దాన్ని స్పీకర్ పెట్టెకు తగిలించాడు.

మొదటి స్వరం చెవికంటే ముందు అరికాళ్ళకు తెలిసింది. అలమారలో నూనెసీసాలు సన్నగా వణికాయి. బయట దుంగ మోస్తున్న కూలీ ఒకడు ఆగి లోపలికి తొంగిచూశాడు. అన్నయ్య ముఖం విప్పారింది. చిట్టి గుడ్డ మడుస్తూ తలుపు దగ్గర నిలబడింది. ఎప్పుడు అడుగుతాడా అని అన్నయ్య వైపే చూస్తోంది.

ఆ అమ్మాయి ఎడమచెయ్యి మెడ మీద కిందికీ పైకీ నడిచింది. ఒక వరస వాయించింది. రెండో వరసలో తడబడింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ ఆగింది. చెయ్యి మెడ మీదినుంచి తీసి మణికట్టు దగ్గర విదిలించింది. నాలుగు వేళ్ళూ వదులుగా ఊగాయి. బొటనవేలు మాత్రం ఊగలేదు. అది కర్రముక్కలా నిటారుగానే ఉంది. కణుపు మీద పొడుగాటి కుట్ల మచ్చ.

చిట్టి చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

"మేస్త్రిగారూ," అంది ఆ అమ్మాయి, మెడ వెనక తడుముకుంటూ. "మొన్న ఆదివారం చూసినప్పుడు ఇక్కడ చదునుగా ఉండేది కదండీ? వేలు ఆనించుకోవడానికి. ఇప్పుడు జారిపోతోంది."

అన్నయ్య బాస్ తీసుకుని, బొటనవేలితో మెడ పొడుగునా ఒక్కసారి రాసి చూశాడు. ఒక్కసారే. కళ్ళద్దాల్లోంచి కూడా చూడలేదు. కారు తలుపులో నలిగిన వేలు, లోపల మేకు వేసి కదలకుండా చేసిన కణుపు. మూడు ఆదివారాలు ఆ అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ వేలు ఎక్కడ ఆగితే అక్కడ చెక్క ఉంచుతూ చెక్కాడు. ఇదంతా చిట్టికి ఆ తర్వాత ముక్కలుముక్కలుగా తెలిసింది. ఆదివారం ఆమెకు సెలవు. సోమవారాలు వచ్చి తలుపు మూసుకునేది. అప్పటికి ఆమెకు తెలిసిందల్లా ఒకటే, తీసేసిన చెక్క తిరిగి రాదు.

అన్నయ్య ఆమె వైపు చూడలేదు. బాస్‌ను జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, ఆ అమ్మాయితో అన్నాడు. "పాలిష్ దగ్గర కాస్త అరిగినట్టుందమ్మా. సాండ్‌పేపరు పట్టేటప్పుడు ఒక్కోసారి అలా అవుతుంది. ఎవరి తప్పూ కాదు."

గొంతులో కోపం లేదు. పోయిన ఏడాది అన్న మాటే ఇది, కానీ ఈసారి ఆమెను కాపాడటానికి అంటున్నాడు. తలూపితే చాలు, గొడవ అక్కడితో ముగిసిపోతుంది. అరగడానికి ఎవరి చెయ్యీ అక్కర్లేదు, దానంతటదే అరుగుతుంది. చిట్టికి ముఖం వేడెక్కింది. సిగ్గు వేసింది, ఆ అమ్మాయి చెయ్యి చూస్తే ఏడుపొచ్చింది. అన్నిటికంటే ఎక్కువగా అరిగిందన్న ఆ మాట భరించలేకపోయింది.

"అరగలేదన్నయ్యా," అంది. "నేను చెక్కాను."

ఆ దుకాణంలో, కొనేవాళ్ళ ఎదుట, ఆమె ఆ మాట అనడం ఇదే మొదటిసారి. పాడుచేసినదాని గురించి అనాల్సొచ్చింది.

"చెక్కావా?"

"అచ్చుకు కుదరలేదు. నీకు చూపు ఆనక వదిలేశావనుకున్నాను. చిత్రిక పట్టి, అచ్చుకు సరిపోయేదాకా తీసేశాను."

అన్నయ్య గోడ మీది ఇత్తడి అచ్చు వైపు చూశాడు. "ఒక్కమాట అడగొద్దే నన్ను?"

"అడిగాను. మంగళవారం ఫోన్ చేశానుగా. మెడ సంగతి నీకెందుకన్నావు."

లారీవాడు బయట హారన్ కొట్టాడు. అన్నయ్య చూపుడువేలితో కళ్ళద్దాలు పైకి తోసుకుని, మెడను మళ్ళీ తడిమాడు, ఈసారి నిదానంగా, అరచేత్తో. చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. "చెక్కడం మాత్రం బాగానే చెక్కావు," అన్నాడు, ఎవరినో తిడుతున్నట్టు.

నాలుగు రోజులుగా ఆమె ఎదురుచూసిన మాట అది. తీరా వచ్చాక, అక్కడ కూర్చున్న అమ్మాయి ముఖం చూస్తుంటే తీసుకోబుద్ధి కాలేదు.

ఆ అమ్మాయి లేచి, ఫోన్ తీసుకుని గుమ్మంలోకి వెళ్ళింది. మాటలు లోపలికి వినిపిస్తూనే ఉన్నాయి. "లేదు, రాలేదింకా. ఈ ఆదివారం కచేరీకి ఎవర్నైనా పెట్టుకోండి. పాతదాంతో రెండు పాటలకంటే నా చెయ్యి ఆగదు, తెలుసుగా. ఆ, తర్వాతి సంగతి మీ ఇష్టం. నేనెలా చెప్పను?" కాసేపు అవతలివాళ్ళ మాటలు వింది. "సరే" అంది. రెండుసార్లు అంది.

లోపలికి వచ్చి ఖాళీ సంచి భుజానికి తగిలించుకుంది. అరవలేదు, అరిస్తే బాగుండుననిపించింది చిట్టికి.

"ఏడాదిన్నర తర్వాత ఒప్పుకున్నాను నేను ఆ కచేరీ," అంది ఆ అమ్మాయి. చిట్టితోనే అంది. తర్వాత అన్నయ్య వైపు తిరిగింది. "మళ్ళీ ఎన్నాళ్ళు పడుతుందండీ?"

ఎన్నాళ్ళు అన్న ప్రశ్నకు ఆ దుకాణంలో జవాబు చెప్పేది ఎప్పుడూ అన్నయ్యే. గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తాడు, గడ్డం గోక్కుంటాడు, చెప్తాడు. ఇప్పుడూ క్యాలెండర్ వైపు చూశాడు. గడ్డం మీదికి చెయ్యి వెళ్ళింది. అక్కడే ఆగింది.

"ఎన్నాళ్ళు పడుతుందే చిట్టీ, నీకు?"

కొత్త మెడ తననే చెయ్యమంటున్నాడు. అన్నయ్య ఆ మాట అనేసి, ఇక అక్కడ తనకేం పని లేనట్టు, దుంగలు సరిగ్గా దింపుతున్నారో లేదో చూడటానికి బయటికి నడిచాడు. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఎండిన చెక్క వెతకాలి. కొయ్యాలి, ఇనుపకడ్డీ కూర్చాలి, పైపలక అతికించాలి, ఫ్రెట్లు కొట్టాలి. ఒక్కటీ మొదటినుంచి చివరిదాకా చేసింది లేదు.

"పన్నెండు రోజులు," అంది. "కానీ మీరు మధ్యలో రావాలి. మూడుసార్లో నాలుగుసార్లో రావాల్సొస్తుంది. నాకు... నాకు ముందే చెప్పాలి అన్నీ."

ఆ అమ్మాయి గుమ్మం వైపు చూసింది. వెళ్ళిపోతుందేమో అనుకుంది చిట్టి. వెళ్ళిపోయినా తప్పుపట్టడానికి లేదు. ఆ అమ్మాయి సంచి మళ్ళీ భుజంనుంచి తీసి, గోడకు ఆనించి, స్టూలు మీద కూర్చుంది.

"అడగండి."

చిట్టి చేతులు నూనెచేతులు. గుడ్డతో తుడుచుకుంది. ఇంకోసారి తుడుచుకుంది. ఎదురుగా ఇంకో స్టూలు లాక్కుని, "ఏదీ, చెయ్యి ఇవ్వండి" అంది. ఇచ్చింది ఆ అమ్మాయి. ఆ చెయ్యి వాయించి వాయించి ఇంకా వెచ్చగా ఉంది. వేళ్ళ కొసలు కాయలు కాసి ఉన్నాయి. బొటనవేలు మొదట్లో మెత్తగా ఉండి, కణుపు దగ్గర ఒక్కసారిగా రాయిలా అయింది. చిట్టి దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, ఎంతవరకు వెళ్తుందో చూస్తూ పక్కకు జరిపింది.

"నొప్పి పుడితే చెప్పండి."

"పుడుతోందండీ," అంది ఆ అమ్మాయి.

చిట్టి చెయ్యి వదల్లేదు. పట్టు కాస్త వదులు చేసి, "ఇక్కడా?" అని అడిగింది.